తూటాల మిషను నోట్లో బెల్లం

నేను కాపరానికి వచ్చిన ఇంట్లో దేవుడి గూటికి ఎడంపక్కన చిన్న బల్ల మీద ఇంకో దేవుడు ఉండేవాడు. నల్లగా, మూరెడు ఎత్తున, పక్కకి చాచిన ఒంటిచేత్తో ఉండేవాడు. ఒంటినిండా పసుపు, కుంకుమ, నెత్తిన ఒక మందారపువ్వు. కొత్తకోడల్ని కదా, ఏ దేవుడో కనుక్కుని మొక్కేంత తీరిక ఎక్కడిది? రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మా మావగారు వెనక నిలబడి మురిసిపోతున్నారు.

"అదీ పద్దతంటే! ఏటనుకున్నావు అమ్మీ? అది తూటాల మిసను. సుట్టుపక్కల ఊళ్ళన్నీ, మూడు ఫిర్కాలు ఎతికినా ఇలాటిది ఇంకోటి లేదు."

నేను మొక్కింది ఒక ఇనుప సామానుకని అప్పుడు తెలిసింది. పెట్టిన దండం వెనక్కి తీసుకోలేం కదా, ఊరుకున్నాను.

అరవైల చివరి సంవత్సరాల మాట ఇది. మా అత్తవారి ఊరు కోటబొమ్మాళికి నడిచి పోయేంత దూరం. ఊరికి పడమట కొండ, కొండ మీద అడివిపందులు, కొండ కింద మా చెరుకుతోట. పంట కాపలాకని మావగారికి లైసెన్సు మీద రెండు గొట్టాల తుపాకీ ఉండేది. ఇత్తడి తూటా ఒకసారి పేలిందంటే ఉబ్బుతుంది, మళ్ళీ తుపాకీలో పట్టదు. ఆ ఖాళీ తూటాని మిషనులో నిలబెట్టి పక్కకి చాచిన దాని చెయ్యి కిందికి నొక్కితే, అది ఒక ఉక్కు ఉంగరంలోకి దిగి, ఉబ్బు తగ్గి, పాత కొలతకి వస్తుంది. ఆ తర్వాత మళ్ళీ తుపాకీమందూ సీసపు రవ్వలూ నింపుకుంటారు. ఎవరో తెల్లదొర దేశం విడిచిపోతూ సామాను వేలం వేస్తే మావగారి తండ్రి దీన్ని బండి మీద తెచ్చారట.

వినడానికి గొప్పగానే ఉంది. కానీ ఆ తుపాకీ దెబ్బకి ఒక్క పంది పడినట్టు ఊళ్ళో ఎవరూ చెప్పగా నేను వినలేదు. మావగారు పేల్చేవారు, పందులు పారిపోయేవి, రెండు రోజులాగి పిల్లాపాపలతో తిరిగొచ్చేవి. పొరుగు రైతులు రేకుడబ్బాలు వాయించి అంతే పని చేసుకునేవాళ్ళు. అయితే రేకుడబ్బాకి లైసెన్సు ఉండదు, దాన్ని చూడ్డానికి అరుగు మీదకి పెద్దమనుషులెవరూ రారు. మా అరుగు మీద మాత్రం రోజూ నలుగురైదుగురు చేరి మిషను గొప్ప గురించి మాట్లాడుకునేవారు.

నాది విజయనగరం. మా నాన్నకి అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఉండేది. నట్లూ బోల్టులే నా ఆటవస్తువులు. ఎస్సెల్సీ పాసయ్యాను. టీచరు ట్రైనింగు చదివి బళ్ళో పాఠాలు చెప్పాలన్నది నా ఆశ. పెళ్ళిచూపుల్లో మా నాన్న ఆ మాట ఎత్తితే మావగారు, "ఓ, దానికేటి, సూద్దాం" అన్నారు. పాపం మా నాన్న ఆ ముక్క నమ్మాడు. కాపరానికొచ్చాక నేను అడిగిన ప్రతిసారీ మావగారు "సూద్దాం" అనే అన్నారు. మా ఆయన రైల్వేస్టేషన్లో గూడ్సు గుమస్తా. ఆయన్ని అడిగితే, "నాకేటి అభ్యంతరం? నాన్ననడుగు" అనేవారు. మజ్జిగ పొయ్యనా అన్నా నాన్ననడుగు అనేలా ఉండేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధపూజనాడు నాగలి, గునపం, కత్తిపీట, బండిచక్రం, మా ఆయన సైకిలు, ఇంట్లో ఇనుమన్నదల్లా కడిగించుకుని బొట్టు పెట్టించుకుంది. అంతవరకు మా పుట్టింట్లోనూ ఉన్నదే. ఈ ఇంట్లో మాత్రం ఇంకో పద్ధతి ఉంది. సరుకు లోపలికి తీసుకునే యంత్రం ఏదైనా సరే, దాని నోట్లో నైవేద్యం పెట్టాలి. చెరుకు గానుగకి పెట్టేవారు. అది ఏటా చెరుకు తినేదే, బెల్లం దానికో లెక్క కాదు. తిరగలికి పెట్టేవారు. దాన్ని మా అత్త మర్నాడు కడిగేసుకునేది. తూటాల మిషనుకీ పెట్టేవారు. పసుపూ గంధం కలిపిన ముద్దని మావగారు స్వయంగా ఆ ఉక్కు ఉంగరం లోపలంతా వేలితో పూసి, మీద బెల్లం కుక్కి, కొబ్బరినీళ్ళు పోసి, హారతిచ్చి, మూడు రోజులు ఎవరూ ముట్టకుండా గుడ్డ కప్పేవారు. తుపాకీ గొట్టంలో మాత్రం పెట్టేవారు కాదు. "పేలేదానికి తీపి అలవాటు సెయ్యకూడదు" అనేవారు. ఆ ఒక్క జాగ్రత్త వల్లే ఆయన మా మధ్య తిరుగుతున్నారని నా నమ్మకం.

పండగ వెళ్ళిన కొన్నాళ్ళకి పందులు దిగాయి. మావగారు స్నానం చేసి, మిషను ముందు పీట వేసుకుని, ఖాళీ తూటా నిలబెట్టి చెయ్యి నొక్కారు. సగం దిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కారు, కదల్లేదు.

"ఏటయినాదే నీకు?" అని దాన్నే గద్దించారు.

తర్వాత లేచి నిలబడి, ఒంటిబరువంతా వేసి నొక్కారు. తూటా దిగింది గానీ మూతి సొట్టపడి, నడుం వంగి బయటికొచ్చింది. ఇంకోటి పెట్టారు. అది లోపలే ఇరుక్కుంటే చెక్కసుత్తితో కొట్టి తీశారు. మా అత్త వంటింట్లోంచి తొంగిచూసి బుగ్గ నొక్కుకుంది.

"ఓలమ్మో! ఏడాదేడాదీ ఇదే బాగోతం. దసరా ఎల్లగానే దీనికి ఎవులి దిష్టో తగులుతాది. వొచ్చే ఏడు బెల్లం ఇంకాస్త ఎక్కువ ఎట్టండి."

ఏడాదేడాదీ, అదీ దసరా వెళ్ళగానే! ఆ మాట నా చెవిలో పడింది. కొత్తకోడలికి చెవులుంటాయి గానీ నోరుండదు.

తర్వాత నిపుణులు రావడం మొదలైంది. మొదట రైసుమిల్లు మెకానిక్కు వచ్చాడు. మిషను చుట్టూ మూడుసార్లు తిరిగి, చెవి ఆనించి విన్నాడు.

"బెల్టు జారినాది బాబూ."

"దీనికి బెల్టు లేదురా" అన్నారు మావగారు.

"నానూ అదే సెప్తన్నాను. బెల్టు లేకుండా మిసనేటి ఆడతాది?" అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కమ్మరి వచ్చాడు. ఉంగరం ఊడదీసి కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తితో సాగదీస్తానన్నాడు. మావగారు మిషనుకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డారు. ఆ ఒక్కసారికి ఆయన చేసిన పని సరైనదే. ఉక్కుకి పట్టిన పదును పోయిందంటే ఆ ఉంగరం గాజుల దుకాణానికి కూడా పనికిరాదు. మూడోవారు పురోహితులు. వారు చూసి, పూజలో లోపం జరిగిందని, శుక్రవారం శుక్రవారం మళ్ళీ నైవేద్యం పెట్టమని చెప్పారు. దాంతో అంతకుముందు ఏడాదికొక్కసారి బెల్లం తినే మిషను వారానికోసారి తినడం మొదలుపెట్టింది. చెయ్యి ముందు సగం దాకా దిగేది, ఇప్పుడు అసలు దిగడమే మానేసింది.

చెరుకులో పందులు హాయిగా తిరుగుతున్నాయి. అంతకంటే పెద్ద కష్టం, అరుగు మీదకి వచ్చేవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఒకాయన, "బావా, మిసను బాగున్నాదేటి?" అని రోజూ వస్తూనే అడిగేవాడు. ఒకరోజు మావగారికి తలప్రాణం తోకకొచ్చి, అందరిముందూ తొడ చరిచేశారు.

"ఈ మిసను బాగుసేసినోల్లు ఏటడిగితే అదిస్తాను! నా మాటంటే మాటే!"

నేను తలుపు వెనక మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఉన్నాను. నోరు ఊరుకోలేదు.

"ఎవరు బాగుచేసినా ఇస్తారా మావయ్యా?"

అరుగు మీద తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. "ఎవులైనా" అన్నారు మావగారు, కాస్త ఆలస్యంగా.

మా నాన్న కొట్లో ఒక నియమం ఉండేది. మిషను మొరాయిస్తే ముందు చెయ్యి పెట్టకూడదు. "కూకోని సూడు. ఎక్కడ రాసుకుంటన్నాదో, ఎక్కడ ఆగతన్నాదో సూడు. అది సెప్పకుండా ఉండదు" అనేవాడు. మర్నాడు మధ్యాహ్నం మా అత్త కునుకు తీస్తుంటే నేను మిషను ముందు కూర్చున్నాను. మావగారు ఎదురుగా వసారాలో పడకకుర్చీలో మొహం మీద పేపరు కప్పుకుని పడుకున్నారు. నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను. మిషను ఏమీ చెప్పలేదు గానీ చీమలు చెప్పాయి. గోడవారగా ఒక బారు వస్తోంది. దేవుడి గూటి ముందు నుంచి, అక్కడున్న ప్రసాదం వైపు కన్నెత్తి చూడకుండా, తిన్నగా బల్ల ఎక్కి, ఉక్కు ఉంగరంలోకి దిగిపోతోంది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో మెకానిక్కులకీ పురోహితులకీ అంతుపట్టనిది వాటికి తెలుసు. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చి, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ముందు తుపాకీమందు డబ్బా, తూటాల పెట్టె ఆ గదిలోంచి తీసుకెళ్ళి దూరంగా పెట్టించాను. ఉంగరం విప్పి వేణ్ణీళ్ళలో పడేశాను. నీళ్ళు బెల్లపు పానకంలా అయ్యాయి. ఇనుప మేకుతో గోకితే ఉంగరానికి గీతలు పడతాయని, చాట అల్లే మేదర మనిషి వదిలేసిన వెదురు బద్ద ఒకటి తెచ్చి, కొస చెక్కి, దాంతో లోపలంతా గోకాను. పైన బంక. దాని కింద పసుపుపచ్చని పెంకు. దాని కింద నల్లటి పెంకు, మళ్ళీ పసుపు, మళ్ళీ నలుపు. ఒక్కో దసరా ఒక్కో పొరగా ఊడి వచ్చింది. అన్నిటికంటే అడుగున కొబ్బరినీళ్ళు పట్టించిన తుప్పు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బూడిదతో మెత్తగా తోమి, మళ్ళీ తుడిచి ఎండబెట్టాను. బల్లకి మిషనుని పట్టించిన బోల్టులు రెండు వదులై ఉన్నాయి. అందుకే తూటా నిటారుగా దిగకుండా పక్కకి వంగుతోంది. వాటిని బిగించాను. పుట్టింటినుంచి తెచ్చుకున్న కుట్టుమిషను నూనె కీలు దగ్గర ఒక్క చుక్క వేశాను. ఉంగరం లోపల మాత్రం గుడ్డతో తుడిచీ తుడవనట్టు రాసి వదిలేశాను. నూనె ఎక్కువైనా మురికి పట్టేస్తుంది.

మా నాన్న పరీక్ష ఇంకొకటి ఉంది. బాగుపడిన మిషను ఒక్క వేలితో ఆడాలి. ఖాళీ తూటా నిలబెట్టి, చూపుడు వేలు చెయ్యి కొస మీద పెట్టి నొక్కాను. సడీ చప్పుడూ లేకుండా దిగింది. తూటా నున్నగా, నిటారుగా బయటికొచ్చింది.

సాయంత్రం అరుగు నిండాక మిషనుని బల్లతో సహా బయట పెట్టించి, అందరిముందూ ఒక్క వేలితో నొక్కి చూపించాను. మెకానిక్కు కూడా వచ్చాడు. "బెల్టు ఏసినావేటమ్మా?" అని అడిగాడు. మావగారు తూటాని తుపాకీలో పెట్టి చూసి, తీసి, మళ్ళీ పెట్టి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వారు.

"ఏటి సేసినావు అమ్మీ?"

బెల్లం అని ఎలా చెప్పను? పెట్టిన చెయ్యి ఎవరిది? ఆయనదే. అందరిముందూ ఇంటి యజమాని పూజకి తప్పు పట్టిన కోడలు ఆ రాత్రి ఏ మొహంతో అన్నం తింటుంది? "నూనె వేశాను మావయ్యా" అన్నాను.

"మరయితే ఏటి గావాలో అడుగు!"

అడిగాను. "నన్ను ట్రైనింగుకి పంపించండి మావయ్యా."

ఆయన నోరు తెరిచారు. ఏమనబోయారో నాకిప్పటికీ తెలీదు, ఈలోగా రోజూ కుశలం అడిగే ఆ పెద్దమనిషి అందుకున్నాడు. "అదేటి బావా! కోడలు ఎల్లిపోతే మిసను ఎవులు సూస్తారు?" మిగిలినవాళ్ళందరూ, అవును మరి, ఎవులు సూస్తారు, అని తలలూపారు. మావగారు ఒకసారి మిషను వంక, ఒకసారి వాళ్ళ వంక చూశారు.

"నిజివేగదా. నువ్వు లేపోతే ఇది మల్లీ మూలపడతాది. ఇంకేటన్నా అడుగు. పొందూరు సీర అడుగు, రేపే తెప్పిస్తాను."

"నాకు చీర వద్దు మావయ్యా. ఏది అడిగితే అదిస్తానన్నారు."

"అడగరానిది అడిగితే ఏటి సేస్తాను? కోడలు ఊరు దాటదు. సెప్పీసినాను. నా మాటంటే మాటే!"

ఒకే అరుగు మీద, ఒకే మనిషి, నా మాటంటే మాటే అని రెండు మాటలిచ్చాడు. నిలబడింది మాత్రం రెండోదే. నేను లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. చేతకాకపోతే పంపకపోవడం వేరు. చేతనైందని పంపకపోవడం ఎక్కడైనా ఉందా? మా ఆయన ఆ రోజు డ్యూటీ దిగి వచ్చి విషయం విని, "నాన్న సెప్పీసినాక మరేటుంటాది" అన్నారు. ఆయనకి ఆ పూట కూరలో ఉప్పు వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు.

వేసవిలో విజయనగరం ట్రైనింగు స్కూలు నుంచి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. మా నాన్న ముందే దరఖాస్తు పెట్టించాడు. ఆ కార్డుని మడిచి ట్రంకుపెట్టె అడుగున పడేశాను. మిషనుని మాత్రం శుభ్రంగా చూసుకున్నాను. వాడిన ప్రతిసారీ తుడవడం, నెలకోసారి బోల్టులు బిగించడం, వర్షాకాలంలో పొడిగుడ్డ చుట్టి ఉంచడం. చెయ్యకపోతే ఊరుకోలేను, మా నాన్న పెంపకం అలాంటిది. అది ఎంత బాగా ఆడితే నా కాళ్ళకి అంత గట్టిగా గొలుసు పడుతోందని తెలుసు. తెలిసీ నూనె వేసేదాన్ని, వేస్తూ తిట్టుకునేదాన్ని.

మళ్ళీ దసరా వచ్చింది.

"ఈ ఏడు మిషనుకి పూజ నేను చేస్తానత్తా" అన్నాను. మా అత్తకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "ఇన్నాల్లకి ఇంటి పద్దతి వొంటబట్టినాది నా తల్లికి" అని మెటికలు విరిచింది. తలంటి పోసుకుని, పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. పసుపూ గంధం నేతితో కలిపితే ఎక్కువకాలం ఉంటుందని నేతితోనే కలిపాను. లోపలంతా ఏ మూలా వదలకుండా పూశాను. బెల్లం ముక్కగా పెడితే పైనే ఉండిపోతుంది కదా, దేవుడికి లోపం చెయ్యకూడదని ముదురుపాకం పట్టి, గరిటెతో సన్నధారగా పోశాను. ఉంగరంలో పోశాను, కీలులో పోశాను, బోల్టుల సందుల్లో పోశాను. కొబ్బరినీళ్ళతో అభిషేకం చేశాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ పూజా చెయ్యలేదు. వీధిలో ఆడవాళ్ళు కూడా వచ్చి చూసి, కోడలంటే అలా ఉండాలని వాళ్ళ కోడళ్ళకి చెప్పుకున్నారు. మావగారు వసారాలో పేపరు చదువుకుంటున్నారు.

మూడు రోజులాగి గుడ్డ తీసేసరికి అది మిషను కాదు, జీళ్ళముద్ద. మావగారు నొక్కారు, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"అమ్మీ, ఒకసారి సూడు."

చూశాను. నా నాటకంలో అదే కష్టమైన ఘట్టం. వేళ్ళు ఆ వెదురు బద్ద కోసం తహతహలాడుతుంటే చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"నాకు తెలీడం లేదు మావయ్యా. అప్పుడేదో అదృష్టం కొద్దీ ఆడింది."

ఆయన నావైపు కాసేపు చూశారు. "అలాగేటి" అన్నారు. అంతే, పేపరు పట్టుకుని వసారాలోకి వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లో కొండప్రాంతంలో గొడవలు మొదలై, తుపాకులున్న ఇళ్ళకి పోలీసుస్టేషను నుంచి మనిషి వచ్చి చూసి పోయేవాడు. మా ఇంటికీ ఒక కానిస్టేబులు వచ్చాడు. తుపాకీ నెంబరు రాసుకుని, తూటాలు చేసే యంత్రం ఉందట, చూపించండి అన్నాడు. చూపించాం. పసుపు, కుంకుమ, పాకం, చీమలు, మీద మందారం. అతను గుమ్మంలోనే బూట్లు విప్పేశాడు. ఆడించి చూపించమంటే మావగారు నొక్కారు, కదల్లేదు. అతనూ నొక్కి, వేళ్ళు నాకి చూసుకుని, పుస్తకంలో "పూజా వస్తువు, ఒకటి" అని రాసుకుని, మా అత్త ఇచ్చిన ప్రసాదం కళ్ళకద్దుకుని వెళ్ళాడు. ఆ ఏడు చెరుకులో మావాళ్ళు కూడా రేకుడబ్బాలే వాయించారు. పందులు ఎప్పట్లాగే పారిపోయాయి, ఎప్పట్లాగే వచ్చాయి.

మా నాన్న మళ్ళీ పెట్టించిన దరఖాస్తుకి వేసవిలో రెండో కార్డు వచ్చింది. ఈసారి దాన్ని పెట్టె అడుగున పడెయ్యలేదు. పోస్టుమాన్ అరుగు మీద అందరిముందూ మావగారి చేతికే ఇచ్చాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని చదివి, మడిచి, గట్టిగా నిట్టూర్చారు.

"ఇదిగో, అందరూ ఇనండి. మా మిసనుకి ఆడోల్ల సెయ్యి పడనేదు. ఈ అమ్మి ముట్టుకున్నాది, ఏడాది ఆడినాది, ఆగిపోనాది. ఇది ఇంట్లో ఉన్నన్నాల్లు మిసను మల్లీ ఆడదు. ఇజీనారం పంపించీస్తాను. ట్రైనింగో గీనింగో, సదువుకోనీండి."

"అవును బావా, మిసను ముక్యం గదా" అన్నాడు కుశలం అడిగే పెద్దమనిషి. అందరూ, అవును మరి, మిసను ముక్యం, అని తలలూపారు. "నాను మొదట్నుంచీ సెప్తనే ఉన్నాను, ఆడదాని సెయ్యి తగలకూడదని" అంది మా అత్త. ఆవిడ ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. నాకు అవమానంతో చెవులు కాలిపోయాయి, సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. రెండూ ఒకేసారి. మా ఆయన మాత్రం జీవితంలో మొదటిసారి నాన్నని అడక్కుండా, "మంచిదే" అన్నారు. అన్నాక ఒకసారి నాన్నవైపు చూశారనుకోండి.

బయల్దేరిన రోజు పొద్దున్న కోటబొమ్మాళి స్టేషనుకి మావగారే బండి కట్టించి తీసుకొచ్చారు. మా ఆయన గూడ్సు షెడ్డులో పనిలో ఉన్నారు. రైలు వచ్చే వేళకి మావగారు నడుముకి దోపుకున్న కాగితం పొట్లం ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. జీడిపప్పో ఏమో అనుకుని విప్పాను.

నా వెదురు బద్ద. కొస పసుపుపచ్చగా, ఇంకా తడిగా, బంకబంకగా ఉంది. ఒక చీమ కూడా ఉంది.

గబుక్కున పొట్లం మూసేశాను.

"నిన్న మద్దినం మీ అత్త తొంగున్నాక గోకినాను" అన్నారు, నావైపు చూడకుండా పట్టాల వైపు చూస్తూ. "ఏణ్ణీల్లు, కిరసనాయిలు, బూడిద. నువ్వు సేసినట్టే. పేపరు మొకం మీదున్నంతమాత్రాన మనిసి తొంగున్నట్టు కాదమ్మీ."

"అయితే మావయ్యా, దసరానాడు..."

"పాకం పోస్తంటే సూడకుండా ఉంటానేటి? గరిటెడు గరిటెడు పోసినావు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు బాగుసేసెయ్యాల. బాగుపడితే నిన్ను ఉంచెయ్యాల. నలుగురిలో మాటనీసినాను గదా, ఎనక్కి తీసుకోడానికి నాకో సాకు గావాల. నాకు తోచనేదు. నువ్వే తెచ్చిపెట్టినావు."

రైలు వచ్చింది. ఆయనే ట్రంకుపెట్టె లోపలికి అందించారు. నేను కాళ్ళకి దండం పెట్టబోతే, "సాల్లే, ఎక్కు ఎక్కు, బేగి" అని కసిరారు. కిటికీ దగ్గర కూర్చున్నాక దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"అక్కడ ట్రైనింగులో కుట్టుమిసను ఉంటాదంట గదా. దానికి బెల్లం ఎట్టకు."

రైలు కదిలింది. మా మావగారు ప్లాటుఫారం మీద నిలబడి, అందరూ ఊపినట్టు చెయ్యి ఊపలేదు. కుడిచెయ్యి పైకెత్తి, చూపుడు వేలు ఒక్కటే చాచి, గాలిలో మెల్లగా కిందికి నొక్కి చూపించారు.